నలభై సెకన్ల మధ్యాహ్నం

ఇంకా పదకొండు నిమిషాలు. పదకొండు నిమిషాలకు తెరమీది పిల్ల మెట్లెక్కి మేడమీది గది తలుపు ముందు నిలబడుతుంది, అప్పుడు వస్తుంది నా నిశ్శబ్దం, నలభై సెకన్లు, అంతవరకు ఈ హాల్లో జనం ఏం నమిలినా ఎవర్ని చూసి నవ్వినా నాకు పట్టింపు లేదు. ముందు వరసలో ఒకడు పాప్‌కార్న్ డబ్బా అడుగు గోకుతున్నాడు. గోకుతున్నాడని వాడి మోచెయ్యి చూసి చెబుతున్నాను, విని కాదు. ఆ గరగర నా చెవికి రాదు. రాదని ఈ హాల్లో ఎవరికీ తెలియదు. వెనక వరసలో కూర్చున్న దినేశ్‌భాయ్‌కి అసలే తెలియదు. ఈ దయ్యం సినిమా తీసింది ఆయన, దీనికి చప్పుళ్లు పేర్చింది నేను. పేర్చినవాడి చెవులు సగమే పనిచేస్తాయని తెలిస్తే ఇంకో సినిమా ఇవ్వకపోవడం సరే, దీన్ని కూడా మొదటినుంచి వేరే ఎవరితోనో చేయిస్తాడు. నా పక్క కుర్చీలో మా చెల్లెలు హారతి. తనకు దయ్యం సినిమాలు పడవు, తెరమీద నా పేరు పడుతుంది రమ్మని బతిమాలి తెచ్చాను. పేరు పడింది. శబ్దం, పరశురాం. అది చూసి నా మోచేతిని గిల్లింది. అమ్మ ఉంటే బాగుండేది. అమ్మ పోయి అయిదు నెలలు.

భయం కేకలో ఉండదు. ఈ ముక్క దినేశ్‌భాయ్ బుర్రకు ఎక్కించడానికి నాకు నెల పట్టింది. ఆయనకు తలుపు దడాలుమనాలి, పిల్లి దూకాలి, డప్పులు పగలాలి. అట్లాంటి చప్పుడుకు ఒళ్లు ఉలిక్కిపడుతుంది, అంతే, పక్కింట్లో పళ్లెం పడ్డా ఉలిక్కిపడుతుంది, ఆ వెంటనే నవ్వొస్తుంది. భయం దానికి ముందుంటుంది. ఉన్న చప్పుడు ఆగిపోయి, మళ్లీ ఎప్పుడు ఏది మొదలవుతుందో తెలియని చోట ఉంటుంది. మూడు సెకన్లు చప్పుడు లేకపోతే జనం కుర్చీల్లో సర్దుకుంటారు. ఏడు సెకన్లకు నమలడం ఆపుతారు. పన్నెండు దాటితే ఎవరి గుండె వాళ్లకే వినపడుతుంది, దాన్ని తెరమీది పిల్ల గుండె అనుకుంటారు. ఇక అక్కణ్నుంచి దయ్యాన్ని చూపించే పని లేదు, ఎవరి దయ్యాన్ని వాళ్లే ఇంటినుంచి తెచ్చుకుంటారు. అట్లాగని చప్పుడు మొత్తం కోసేస్తే కుదరదు, స్పీకరు పాడైందనుకుని వెనక్కి తిరిగి చూస్తారు. నిశ్శబ్దానికీ ఒక ఒళ్లుండాలి. మనుషులుండి కూడా మాట్లాడని ఇల్లు, దాని గోడలు, దాని గాలి. అది కంప్యూటర్లో పుట్టదు, ఎక్కడో ఒక ఇంట్లో కూర్చుని పట్టుకురావాలి. నేను మా ఇంట్లోనే పట్టుకొచ్చాను.

తొమ్మిది నిమిషాలు. తెరమీద ఆ పిల్ల వంటింట్లో దీపం వెలిగిస్తోంది. ఇక్కడినుంచి అడుగున ఒక హోరు మొదలవుతుంది, ఎవరికీ తెలియనంత మెల్లగా, నిమిషానికి కాస్త చొప్పున పెరుగుతుంది. అది సాంచా చప్పుడు. బట్ట నేసే మరమగ్గాన్ని మావాళ్లు సాంచా అంటారు, సిరిసిల్లలోనూ అదే మాట, అక్కణ్నుంచి తాత ఈ పరాయి రాష్ట్రానికి మోసుకొచ్చిన వాటిలో ఆ మాటే ఇంకా చెడిపోలేదు. ఆ చప్పుడును పట్టి, ఇరవై వంతులు మెల్లగా సాగదీసి, ఈ ఇంటి కింద పరిచాను. జనం విననట్టే వింటారు. అది ఆగినప్పుడే తెలుస్తుంది ఇంతసేపూ ఉందని. ఇది నేనెక్కడా చదువుకున్నది కాదు. ఈ ఊరి మగ్గాల పేట వడోద్‌లో పుట్టినవాడికి ఎవరూ నేర్పక్కర్లేదు. మా ఇంటి గోడకు ఆనుకుని ఒక కార్ఖానా, ఎదురుగా ఇంకొకటి, రాత్రీ పగలూ ఆ మోతలోనే పుట్టాం, పాలు తాగాం, నిద్రపోయాం. కరెంటు పోతే ఇళ్లలో పసిపిల్లలందరూ ఒక్కసారి లేచి ఏడ్చేవాళ్లు. వేరే ఊళ్లలో చప్పుడుకు లేస్తారట.

ఎనిమిదేళ్లప్పుడు ఒకసారి పట్టపగలు, కరెంటు ఉండగానే, కార్ఖానాలో సాంచాలన్నీ ఆగాయి. ఒకటి ఆగింది, పక్కది ఆగింది, వరసగా అన్నీ. ఆడవాళ్లు కండెలు చుట్టేది వదిలేసి వీధిలోకి వచ్చి నిలబడ్డారు, ఒక్కరు కూడా ఏమైందని అడగలేదు. అడగనంతసేపు అది ఎవరింటిదీ కాదు. తర్వాత సదానందం మామను మోసుకొచ్చారు, సాంచాను తిప్పే తోలుపట్టాలో పడి చెయ్యి పోయింది. ఆ చెయ్యి నాకు గుర్తు లేదు. ఆయన అరిచే ఉంటాడు, అదీ గుర్తు లేదు. సాంచాలు ఆగిన తర్వాత, మామ బయటికి రాకముందు, అమ్మ కొంగు పట్టుకుని నిలబడిన ఆ కాసేపే గుర్తుంది. నేను ఇప్పుడు జనానికి అమ్ముకుంటున్నది ఆ కాసేపునే.

హారతి నా చెవి దగ్గరికి వంగింది. ‘గీ సప్పుడు మన సాంచాల లెక్కున్నదన్నా.’ తల ఊపాను. తన చెవులు మంచివి. తనను సాంచాల మీదికి పంపలేదు అమ్మ, ఇంట్లోనే చీరలకు రాళ్లు అతికించే పనిలో పెట్టింది. నన్ను పద్నాలుగేళ్లకే పంపారు, పదేళ్లు నిలబడ్డాను ఎనిమిది సాంచాల మధ్య, ఈ చప్పుళ్ల పనిలోకి వచ్చింది ఆ తర్వాతే. ఆ మోతలో నోటితో పిలిస్తే వినపడదు. మాటలన్నీ పెదవులు చూసి చదువుకోవడమే, లెక్కలన్నీ వేళ్లతో, సున్నాకి పిడికిలి. దూరంగా ఉన్నవాణ్ని పిలవాలంటే నడుముకుండే నూలు కత్తెర తీసి సాంచా ఇనుము మీద కొట్టాలి. బొటనవేలంత కత్తెర, దాని ఖణీమనే మోత అంత హోరునూ చీల్చుకుని వస్తుంది. వచ్చేది. నాకు ఎప్పుడు రావడం మానేసిందో నాకే తెలియదు. చెవి పోవడం కన్ను పోయినట్టు కాదు, చీకటి పడదు, ఏమీ పోయినట్టుండదు. లేనిదాన్ని లేదనే అనుకుంటాం.

డాక్టర్ నాగేశ్వరి గారు తెలుగావిడే, చెవుల డాక్టరు, పోయినేడు ఆవిడ అద్దాల గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేశారు. కాగితం మీద గీత బాగానే నడిచి నడిచి ఒక్కచోట గోతిలో పడింది. లావు చప్పుళ్లన్నీ వినపడతాయి, మాట వినపడుతుంది, సన్నగా పదునుగా ఉండేవే పోయాయి, ఇనుము మీద ఇనుము, గాజులు, పిట్టలు. ‘సాంచాల దగ్గర పనిచేశారా?’ అని అడిగారు. కరెంటు పని అని అబద్ధం చెప్పాను, ఎందుకు చెప్పానో, ఆవిడేమన్నా దినేశ్‌భాయ్‌కి ఫోన్ చేస్తారా. చెవికి మిషన్ పెట్టుకొమ్మన్నారు. చప్పుళ్లు పేర్చేవాడు చెవిలో మిషన్‌తో స్టూడియోకి వెళితే ఇంకేమన్నా ఉందా. దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నాను. వినపడనివాటిని కంప్యూటర్ తెరమీద గీతలు చూసి పేర్చాను, గాజుల గీత ఎట్లా ఉంటుందో, పిట్ట గీత ఎట్లా ఉంటుందో నాకు నోటికొచ్చు. హారతికి కూడా చెప్పలేదు. అసలు తనకే చెప్పాల్సింది. చెప్పి ఉంటే ఆ రోజు అమ్మను నా మీద వదిలి వెళ్లేది కాదు.

అయిదు నిమిషాలు. పిల్ల దీపం పట్టుకుని నడవలోకి వచ్చింది. సినిమాలోని ఆ ఇల్లు కతర్‌గామ్ పేటలోది, పాతది, కిందంతా వజ్రాలు సానపట్టేవాళ్లు ఉంటే వాళ్ల సెలవులకు తీశారు, గోడలు బాగుంటాయి కాని నిశ్శబ్దం బాగుండదు, రోడ్డు పక్కన. అందుకే మా ఇల్లు. వారానికి ఒక రోజు మా వీధి సాంచాలన్నీ ఆగుతాయి, కార్ఖానాలకు మాత్రం కరెంటు సెలవు, ఆ మధ్యాహ్నం వడోద్‌లో ఉండే నిశ్శబ్దం ఇంకెక్కడా దొరకదు, ఏడ్రోజుల మోత దాని వెనక నిలబడి ఉంటుంది. అమ్మకు పక్షవాతం వచ్చి అప్పటికి ఏడాది, మాట పోయింది, ఎడమవైపు పోయింది, కుడిచెయ్యి మిగిలింది. ఆ చేతికి హారతి పాత నూలు కత్తెర ఇచ్చింది, ముప్పై ఏళ్లు అమ్మ నడుముకున్నదే. ఇనుప మంచం పట్టీ మీద కొడుతుంది అమ్మ. ఆ రోజు రాళ్లచీరలు అప్పజెప్పడానికి వెళుతూ హారతి గుమ్మంలో ఆగి మళ్లీ చెప్పింది, నాకు తెలిసిందే మళ్లీ. ‘నాలుగింటికల్ల వస్త. ఒక్కటి కొడితె నీళ్లు, రెండు కొడితె పక్కకు జరుపు. మూడు కొడితె జల్ది పో అన్నా.’ సరే అన్నాను. మామూలుగా నేను అమ్మ చెయ్యి కనపడేటట్టు కూర్చునేవాణ్ని, కత్తెర లేచిందంటే లేచేవాణ్ని, ఎవరికీ అనుమానం రాలేదు. ఆ రోజు తలుపు మూశాను. అమ్మ ఊపిరి గురగురమంటుంది, అది మైకులోకి వస్తుంది.

మూసేముందు మంచం దగ్గరికి వెళ్లాను. ‘అమ్మా, జరసేపు సప్పుడు చెయ్యకు’ అన్నాను, పెదవుల మీద వేలు కూడా పెట్టి చూపించాను. అమ్మ పేరు పోశమ్మ, వీధిలో ఎవరి మీదికైనా లేచే మనిషి, ఆ రోజు పనిచేసే సగం నోటితో నవ్వి కళ్లు మూసి తెరిచింది. కొడుకు పని కదా. నలభై నిమిషాలు ముందుగదిలో కదలకుండా కూర్చున్నాను, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కాలు తిమ్మిరెక్కినా కదల్లేదు. ఎంత బాగుందో ఆ నిశ్శబ్దం, ఇంత బాగా ఎప్పుడూ దొరకలేదని పొంగిపోయాను. అయ్యాక టీ పెట్టాను. నాలుగుకు హారతి వచ్చింది, అమ్మకు టీ తీసుకుని తలుపు తీసింది, కప్పు పడింది. ఆ పడిన చప్పుడు వినపడింది నాకు. కత్తెర మంచం కింద నేల మీద ఉంది. హారతి నన్ను అడిగింది ఒక్కటే. ‘కత్తెర కొట్టిందా?’ లేదన్నాను, సప్పుడే లేదన్నాను. అబద్ధం కాదది. నా చెవికి తెలిసిన నిజం. నిద్రలోనే పోయింది, కత్తెర చేతిలోంచి జారింది, అదృష్టవంతురాలు అని వీధంతా అన్నారు, హారతి కూడా ఆ మాట పట్టుకునే మళ్లీ అన్నం తింది. నేనూ దాని మీదే నిలబడ్డాను. ఇంకేముంది నాకు.

రెండు నిమిషాలు. పిల్ల మెట్ల దగ్గరుంది. హోరు పెరిగింది, జనం భుజాలు పైకి లేచాయి, వాళ్లకు తెలియదు. ఆ నలభై నిమిషాల్లోంచి నలభై సెకన్లు ఎక్కడ తీసుకోవాలో వారం చూశాను. అప్పటికి అమ్మ పదో రోజు కూడా అయిపోయింది. ఇరవై మూడో నిమిషం దగ్గర నీళ్ల మోటారు ఏదో ఆగింది, ఆ తర్వాతిదే అన్నిటికన్నా లోతుగా ఉంది, అదే కోశాను. తెరమీద అక్కడక్కడ పైన సన్నటి గీతలు కనపడ్డాయి, వెంట్రుకల్లా నిటారుగా. బల్లి అనుకున్నాను. ముందుగది ట్యూబులైటు వెనక బల్లి ఉండేది, అది పలికినప్పుడల్లా అమ్మ మంచి రోజుల్లో నేల మీద వేలితో మూడుసార్లు కొట్టి సత్యం అనుకునేది. తీసేద్దామనుకుని ఊరుకున్నాను, పాత ఇంట్లో బల్లి ఉంటే మంచిదే కదా అని. దినేశ్‌భాయ్ విని కుర్చీలోంచి లేచి నన్ను కౌగిలించుకున్నాడు. ‘వో పీఛేవాలీ ఆవాజ్, పరశూ, ఉస్‌కో థోడా బఢా.’ ఆ వెనకాల చప్పుడు కాస్త పెంచమన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే, ఏ చప్పుడో నాకు తెలియదు, తెలిసినట్టు తల ఊపాను. గీతలున్న చోటల్లా పెంచాను. బల్లికి ఇంత భోగమా అని నవ్వుకున్నాను కూడా.

వచ్చింది. పిల్ల తలుపు ముందు నిలబడింది. హోరు ఆగింది.

ఒకటి, రెండు, మూడు. జనం సర్దుకున్నారు. ముందు వరసవాడి మోచెయ్యి డబ్బాలో ఆగిపోయింది. నాలుగు, అయిదు. ఇది మా ఇంటి గాలి, రెండొందల మంది మా ముందుగదిలో కూర్చుని ఉన్నారు, తలుపు మూసి ఉంది. ఆరు. హారతి వేలు నా మణికట్టు మీద తగిలింది. ఒకటి, రెండు, మూడు. బల్లి పలికి ఉంటుంది, అమ్మ అలవాటు తనకూ వచ్చిందని చీకట్లో నవ్వుకున్నాను. సత్యం. వేలు ఆగింది. మళ్లీ మూడు, మెల్లగా, ఒక్కొక్కదాని మధ్య ఊపిరంత ఎడంతో. సత్యానికి ఇట్లా కొట్టరు. పక్కకు తిరిగాను. హారతి తెరవైపు చూడటం లేదు. గోడమీది స్పీకరు వైపు చూస్తోంది, తెర వెలుతురు ముఖం మీద పడి నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది, ఆ పెదవులు కదిలాయి, గొంతు లేకుండా, కార్ఖానాలో మాట్లాడినట్టు. కత్తెర.

అర్థం కానట్టు చూశాను. అయింది, అయినా కానట్టే చూశాను. మళ్లీ అంది. అమ్మ కత్తెర. పద్దెనిమిది, పంతొమ్మిది. తన వేలు నా మణికట్టు మీద కొడుతూనే ఉంది, తనకు వినపడినప్పుడల్లా, ఆపుదామన్నా ఆపలేనట్టు. మూడు. ఆగి, మూడు. మూడు కొడితె జల్ది పో అన్నా. మెల్లగా కొడుతోంది అమ్మ. నేను చప్పుడు చెయ్యకన్నాను కదా, అందుకు మెల్లగా. ఎంత మెల్లగానో అమ్మకూ తెలియదు, ముప్పై ఏళ్ల సాంచాలు తన చెవులనూ తినేశాయి, కత్తెర పట్టీకి తగిలిందని చేతికి తెలియడమే తనకు లెక్క. కొట్టినామెకు వినపడలేదు, రావాల్సినవాడికి వినపడలేదు. గోడకు ఇవతల చెవుల మీద రెండు చిప్పలు పెట్టుకుని కూర్చున్నాను నేను, ఎంత బాగుంది ఈ నిశ్శబ్దం అనుకుంటూ. ఇప్పుడు అందరికీ వినపడుతోంది. పాప్‌కార్న్ తినేవాడికి కూడా వినపడుతోంది. నేనే పెంచాను.

ఇరవై ఆరు. ఒకటి, రెండు. మూడోది రాలేదు. హారతి వేలు నా మణికట్టు మీద గాల్లో ఆగి ఉంది, దించడానికి ఎదురుచూస్తోంది. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది. అలసిపోయి ఆగిందేమో, చెయ్యి నొప్పి పుట్టి ఆగిందేమో, వాడు వస్తున్నాడనుకుని ఆగిందేమో. ముప్పై మూడు. ఎవరూ ఊపిరి తియ్యడం లేదు, నేను అనుకున్నట్టే, లెక్క తప్పలేదు. ముప్పై ఎనిమిది. కొట్టమ్మా. గట్టిగా కొట్టు, నా పని చెడిపోనీ. నలభై.

తలుపు తెరుచుకుంది, పిల్ల కేక వేసింది, హాలంతా కేక వేసింది, ఆ వెంటనే నవ్వులు, చప్పట్లు, ఎవరో ఈల వేసినట్టుంది, నోట్లో వేళ్లు కనపడ్డాయి. వెనకనుంచి దినేశ్‌భాయ్ నా రెండు భుజాలూ పట్టుకుని ఊపుతున్నాడు, ఏదో అంటున్నాడు, సంతోషంగా ఉన్నాడు. నేను వెనక్కి తిరగలేదు. హారతి నన్నే చూస్తోంది. ఏడవడం లేదు. ఈ గోలలో మాట వినపడదని తనకు తెలుసు, నా చెవులు ఎట్లాంటివో కూడా ఇప్పుడే తెలిసిపోయింది, అది తన కళ్లలో కనపడింది. పెదవులు మెల్లగా, నేను చదవగలిగేటట్టు కదిలించింది. ఇంక ఉన్నదా? మొత్తం ఎంత?

ఇంతే అని అబద్ధం చెప్పొచ్చు. నలభై సెకన్లే అని, మిగతాది చెరిపేశానని. అమ్మ ఎన్నిసార్లు పిలిచిందో, ఎప్పటినుంచి పిలిచిందో, ఆ రెండు దెబ్బల తర్వాత మళ్లీ కొట్టిందో లేదో ఈ లోకంలో ఎవరికీ తెలియకుండా పోయేది. నేను ఎన్నిసార్లు పెట్టుకుని విన్నా నాకు మంచి నిశ్శబ్దమే వినపడుతుంది. వినాల్సింది తనే.

నిమిషాలు అని పెదవులు కదిలించి, చెయ్యి పైకెత్తి నాలుగు వేళ్లు చూపించి, పిడికిలి మూశాను.